అతుకులను బట్టి చర్చి వయసు చెప్పడం: ఇంగ్లండు పల్లెల్లోని మధ్యయుగపు చర్చిని పరిశీలించే విధానం

ఇంగ్లండు పల్లెల్లోని పాత రాతి చర్చిలో తలుపు దగ్గర చిన్న బల్ల మీద సాధారణంగా ఒక కరపత్రం ఉంటుంది. అది చాలాసార్లు "ఇది 12వ శతాబ్దపు చర్చి" అని ఒక్క మాటలో తేల్చేస్తుంది. ఆ మాట పట్టుకుని చూసేవారికి సగం చర్చి కనబడకుండానే పోతుంది. ఈ చిన్న చర్చిల్లో ఒకే కాలంలో మొదలుపెట్టి ఒకే కాలంలో ముగించినవి చాలా అరుదు. ఊరికి డబ్బు వచ్చినప్పుడు వాటిని పెంచారు, డబ్బు లేనప్పుడు పాత చీరకు మాసిక వేసినట్టు సరిపెట్టారు, మతవిధానం మారినప్పుడు కొంత పగలగొట్టారు, 19వ శతాబ్దంలో బాగుచేస్తామని కొంత చెరిపేశారు. అందువల్ల అందమైన భాగాల కంటే ముందుగా, ఒక కాలపు పని మరో కాలపు పనిని తాకే అతుకులను వెతకాలి. ఈ వ్యాసం ఆ వెతుకులాటకు ఒక క్రమాన్ని సూచిస్తుంది.

వెంట తీసుకువెళ్లవలసినవి తక్కువే: పైకప్పును చూడటానికి బైనాక్యులర్లు, గోడకు ఆనించి పక్కవాటుగా వెలుగు వేయడానికి ఒక టార్చి, నేల పటం గీసుకోవడానికి కాగితం, పెన్సిలు. తలుపు తాళం వేసి ఉంటే, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో పోర్చిలోని నోటీసు బోర్డు మీద తరచుగా రాసి ఉంటుంది. ఆరాధన జరిగే సమయాల్లో పరిశీలనకు వెళ్లకపోవడం మర్యాద.

లోపలికి తొందరపడకుండా ముందు చర్చి చుట్టూ ఒక పూర్తి ప్రదక్షిణం చేయండి. దిక్కులు తేలికగానే తెలుస్తాయి, ఎందుకంటే బలిపీఠం ఉండే చాన్సెల్ తూర్పున, ప్రజలు నిలబడే నేవ్ దానికి పడమట, గోపురం ఉంటే సాధారణంగా ఇంకా పడమటి చివరన ఉంటాయి. నేవ్, చాన్సెల్ రెండూ వేర్వేరు ఎత్తుల్లో, వేర్వేరు రాతితో కనిపిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. 13వ శతాబ్దం నాటికి స్థిరపడిన ఆచారం ప్రకారం నేవ్ మరమ్మతు ఊరివారి బాధ్యత, చాన్సెల్ మరమ్మతు రెక్టరు బాధ్యత. రెక్టరు అంటే ఊరి పంటలో దశమభాగానికి హక్కుదారు; ఆ హక్కు ఎక్కడో దూరాన ఉన్న మఠానిది కూడా కావచ్చు. ఉన్ని వ్యాపారంతో బాగుపడిన ఊరిలో విశాలమైన నేవ్‌కు తూర్పున ఒక బీద చాన్సెల్ అంటుకుని ఉండటానికి తరచుగా ఇదే కారణం. దీనికి భిన్నంగా, లింకన్‌షైర్‌లోని హెకింగ్టన్, నాటింగ్‌హామ్‌షైర్‌లోని హాటన్ వంటి చోట్ల 14వ శతాబ్దంలో చాన్సెల్‌కే అపురూపమైన శిల్పం దక్కింది. ఒకే కప్పు కింద రెండు ఖజానాలు పనిచేశాయన్న సంగతి గుర్తుంచుకుంటే చాలా చిక్కుముడులు వాటంతట అవే విడిపోతాయి.

తరువాత రాతిని చూడండి. బండి మీద రాయి తోలడం ఖర్చుతో కూడిన పని కనుక చిన్న చర్చి చాలావరకు తన కింది నేలతోనే కట్టబడి ఉంటుంది. కాట్స్‌వోల్డ్ కొండల్లో అది తేనెరంగు సున్నపురాయి, నార్‌ఫోక్, సఫోక్ ప్రాంతాల్లో చెకుముకి రాయి. చెకుముకి రాయితో చదునైన మూలలు తీర్చడం కష్టం. నార్‌ఫోక్‌లో 120కి పైగా గుండ్రటి గోపురాలు ఉండటానికి ఈ కారణాన్నే తరచుగా చెబుతారు. గోడ పొడుగునా ఒకే రాయి వస్తూ ఒకచోట హఠాత్తుగా రంగో వరసో మారితే, అక్కడ నిలువుగా ఒక గీత ఉందేమో పరిశీలించండి. అది ఒకప్పటి భవనం మూల కావచ్చు. మూలరాళ్లలో ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా మారుతూ పేర్చి ఉంటే అది 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలవక ముందరి సాక్సన్ పనికి బలమైన గుర్తు. నార్తాంప్టన్‌షైర్‌లోని అర్ల్స్ బార్టన్ గోపురం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. డరమ్ కౌంటీలోని ఎస్కమ్ చర్చి అంతకన్నా పాతది. 7వ శతాబ్దపు చివరి భాగంలో కట్టిన ఆ చర్చిలో రోమన్ల కట్టడం నుంచి తెచ్చిన రాళ్లే మళ్లీ వాడారు. అందుచేత రాయి వయసు, గోడ వయసు ఒకటేనని అనుకోకూడదు.

గోపురానికి తూర్పు ముఖం మీద, ఇప్పటి నేవ్ కప్పుకు పైన, రెండు వాలు గీతలు త్రికోణంలా కలుస్తూ కనిపించవచ్చు. అది పాత కప్పు విడిచివెళ్లిన మచ్చ. గడ్డికప్పుకు నిటారైన వాలు కావాలి, సీసపు రేకుకు అంత వాలు అక్కరలేదు. మధ్యయుగపు చివరిలో ఊరివారు నేవ్ గోడలను పైకి లేపి, పైవరసలో కొత్త కిటికీలు పెట్టి, మీద చదునైన సీసపు కప్పు వేసినప్పుడు పాత వాలు గోపురం మీద ముద్రగా మిగిలిపోయింది. చర్చి మొత్తంలో ఇంత స్పష్టంగా దొరికే సాక్ష్యం మరొకటి ఉండదని నా అభిప్రాయం.

ఇక కిటికీలు. కాలాన్ని కిటికీల ఆకృతిని బట్టి విభజించే పద్ధతికి స్థిరమైన పేర్లు పెట్టినవాడు వాస్తుశిల్పి థామస్ రిక్‌మన్. 1817లో ఆయన ప్రచురించిన వర్గీకరణే నేటికీ వాడుకలో ఉంది. నార్మన్ కాలంలో, అంటే 1066 నుంచి దాదాపు 1190 వరకు, కిటికీ చిన్నది, తల గుండ్రనిది. గోడ మందం వల్ల లోపలివైపు వెడల్పుగా విచ్చుకుని ఉంటుంది. ఆ కాలపు తలుపుల చుట్టూ వంకర టింకర మెలికల వరుసలు చెక్కారు. 1140 ప్రాంతపు హెరిఫర్డ్‌షైర్ చర్చి కిల్పెక్‌లో ఆ చెక్కడం పామూ తీగా కలగలిసి గుమ్మమంతా పాకింది. కప్పు చూరు కింద వరుసగా చెక్కిన తలల్లో ఒకచోట వేటకుక్క, కుందేలు పక్కపక్కనే నవ్వు తెప్పించేలా కూర్చుని ఉంటాయి. 13వ శతాబ్దపు ఎర్లీ ఇంగ్లిష్ శైలిలో కిటికీ సన్నబడి, పొడవై, తల కోసుగా మారింది. 13వ శతాబ్దపు చివరి నుంచి 14వ శతాబ్దపు మధ్య దాకా సాగిన డెకరేటెడ్ శైలిలో రెండు మూడు కిటికీలను ఒకే కమాను కింద చేర్చి, పైన మిగిలిన చోటును రాతి జాలితో నింపారు. మొదట్లో ఆ జాలి వృత్తాలు, రేకులుగా ఉండేది, తరువాత మంటనాలుకల్లా అలలు తిరిగింది. 14వ శతాబ్దపు రెండో సగం నుంచి 16వ శతాబ్దపు తొలి దశాబ్దాల దాకా పల్లెల్లో రాజ్యమేలిన పర్పెండిక్యులర్ శైలిలో నిలువు రాతి కమ్మీలు వంగకుండా కమానుదాకా నేరుగా ఎక్కుతాయి, కమాను తల క్రమంగా చదునవుతుంది. సఫోక్‌లోని లావెన్‌హామ్, గ్లోస్టర్‌షైర్‌లోని నార్త్‌లీచ్ వంటి ఉన్ని వ్యాపారపు ఊళ్ల చర్చిలలో ఈ శైలి పెద్ద ఎత్తున కనిపిస్తుంది.

కొత్తగా చూసేవారు ఇక్కడే తరచుగా పొరబడతారు. కిటికీని చూసి గోడ వయసు చెప్పకూడదు. వెలుతురు కావాలనుకున్న ప్రతి తరమూ పాత గోడను తొలిచి కొత్త కిటికీ బిగించింది. కనుక కిటికీ చెప్పేది గోడ ఆ తేదీ కంటే కొత్తది కాదన్న సంగతి మాత్రమే. కొత్త పెద్ద కిటికీ కోసం పాత కిటికీని పూర్తిగా తీసేయని చోట్లు కూడా ఉంటాయి. పెద్ద కిటికీ చట్రం పక్కన, గోడ రాళ్లలో ఒక చిన్న గుండ్రటి కమాను సగం కోసినట్టు మిగిలి ఉంటే ఆ గోడ నార్మన్ కాలానిదే అయ్యే అవకాశం ఎక్కువ. కిటికీకి చుట్టూ ఉన్న రాళ్లు గోడ వరసలతో కలిసిపోయాయా, లేక గోడ వరసలను అడ్డంగా కోసుకుంటూ వెళ్లాయా అన్నది దగ్గరగా నిలబడి చూడండి. కలిసిపోతే రెండూ ఒకేసారి లేచినవి. కోసుకుంటూ వెళితే కిటికీ తరువాత వచ్చింది.

పోర్చి సాధారణంగా దక్షిణాన ఉంటుంది. మధ్యయుగంలో పెళ్లి తంతు తొలిభాగం ఈ గుమ్మం దగ్గరే జరిగేది కనుక ఇది కేవలం వాననీడ కాదు. గుమ్మం కుడిపక్కన గోడలో చిన్న గిన్నెలాంటి గుంట ఉంటే అది లోపలికి వచ్చేవారు వేలు ముంచుకునే పవిత్రజలపు పాత్ర. దాని అంచు విరిగి ఉండటం సాధారణమే. దక్షిణపు గోడ రాళ్ల మీద, కంటి ఎత్తులో, మధ్యలో ఒక రంధ్రం, దాని నుంచి కిందికి విచ్చుకున్న కొన్ని గీతలు ఉన్నాయేమో చూడండి. ఆ రంధ్రంలో పుల్ల గుచ్చితే దాని నీడ గీతల మీద పడి పూజ వేళను తెలిపేది. ఇలాంటి గీతలు పోర్చి నీడలో దొరికితే పోర్చి తరువాత కట్టిందన్నమాట. తలకిందులుగా గానీ ఉత్తరపు గోడలో గానీ దొరికితే ఆ రాయిని ఎక్కడినుంచో తీసి మళ్లీ పేర్చారన్నమాట.

లోపలికి వెళ్లాక నేరుగా బలిపీఠం వైపు నడవకుండా పడమటి చివరన, జ్ఞానస్నానపు తొట్టి దగ్గర ఆగండి. చర్చిని కూల్చి కట్టినా తొట్టిని మాత్రం దాచుకున్న ఊళ్లు ఎన్నో ఉన్నాయి, అందుకే తరచుగా అన్నిటికన్నా పాత వస్తువు ఇదే అవుతుంది. తొట్టి అంచును వేలితో తడిమి చూడండి. ఎదురెదురుగా రెండు చోట్ల రాయి పగిలి, అతుకు రాయి వేసి గానీ సీసం పోసి గానీ ఉంటుంది. 1236లో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ ఎడ్మండ్, తొట్టిలోని పవిత్రజలాన్ని ఎవరూ మంత్రతంత్రాలకు ఎత్తుకుపోకుండా మూతపెట్టి తాళం వేయాలని ఆదేశించాడు. ఆ ఇనుప కొక్కేలను తరువాతి కాలంలో పెరికినప్పుడు పడిన గాయాలే ఇవి. మూతలలో సఫోక్‌లోని అఫర్డ్ చర్చిది దాదాపు 18 అడుగుల ఎత్తున చెక్కతో అల్లిన శిఖరం. తూర్పు ప్రాంతంలో, ముఖ్యంగా నార్‌ఫోక్, సఫోక్‌లలో, ఎనిమిది పలకల తొట్టి మీద జ్ఞానస్నానం, పెళ్లి వంటి ఏడు క్రైస్తవ సంస్కారాలను చెక్కి, ఎనిమిదో పలకకు తరచుగా సిలువ దృశ్యాన్నో క్రీస్తు జ్ఞానస్నానాన్నో కేటాయించిన పని కనిపిస్తుంది. ముఖాలు మాత్రం చాలావరకు సుత్తి దెబ్బ తిన్నవే.

అక్కడి నుంచే నేవ్‌కు రెండు పక్కల ఉన్న స్తంభాల వరుసలను పోల్చండి. ఉత్తరపు వరుస గుండ్రటి లావు స్తంభాలు, దక్షిణపు వరుస పలకలు తీరిన సన్న స్తంభాలు అయితే, ముందు ఉత్తరాన, ఒక శతాబ్దం తరువాత దక్షిణాన పక్క వసారా కలిపారని అర్థం. పెరిగే ఊరికి చోటు కావలసినప్పుడు పాత గోడను మొత్తంగా కూల్చకుండా, దానిలో కమానులు తొలిచి, కమానుల కింద స్తంభాలు నిలబెట్టి, బయట వసారా కట్టడం మామూలు పద్ధతి. అందువల్ల ఒక విచిత్రం ఏర్పడింది: స్తంభాలు కొత్తవి, వాటి నెత్తిన ఉన్న గోడ పాతది. కమాను శిఖరానికి కొంచెం పైన, దేనికీ సరిపడని చోట ఒక చిన్న నార్మన్ కిటికీ మూసుకుపోయి కనబడితే అది ఒకప్పటి బయటి గోడ.

నేవ్, చాన్సెల్ కలిసే కమాను దగ్గర ఎక్కువ సేపు నిలబడటం మంచిది. మధ్యయుగంలో ఇక్కడ చెక్క తెర ఒకటి అడ్డంగా ఉండేది, దాని మీద ఒక అటక, అటక మీద సిలువపై క్రీస్తు, అటూ ఇటూ మరియమ్మ, యోహాను విగ్రహాలు నిలిచేవి. ఆ సిలువను, దాని పక్క విగ్రహాలను కలిపి రూడ్ అనేవారు. విగ్రహాలను వ్యతిరేకించిన ప్రొటెస్టంటు మత సంస్కరణలో భాగంగా, ఆరవ ఎడ్వర్డ్ ఏలుబడి తొలి ఏళ్లలో, 1547–48 ప్రాంతంలో, విగ్రహాలను దించేశారు. కాథలిక్ అయిన మేరీ రాణి కాలంలో కొన్ని చోట్ల మళ్లీ పెట్టారు. 1561లో ఎలిజబెత్ ప్రభుత్వం అటకలను కోసేయాలని, తెరను మాత్రం ఉంచాలని ఆదేశించింది. ఈ మూడు మలుపులూ గోడ మీద కనిపిస్తాయి. కమాను పక్కన, నేలకు ఎనిమిది పది అడుగుల ఎత్తున, ఎక్కడికీ దారితీయని ఒక చిన్న తలుపు ఖాళీలోకి తెరుచుకుని ఉంటుంది. కింద గోడ మందంలో మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టని రాతి మెట్లు చుట్టు తిరుగుతూ ఎక్కుతాయి. అటక పోయింది, దానికి ఎక్కే దారి మిగిలింది. మెట్ల మధ్యభాగం అరిగి ఉందో లేదో టార్చి వేసి చూడండి. తెర కింది సగం మిగిలి ఉంటే, పలకల మీద పునీతుల బొమ్మలు ఉండవచ్చు. నార్‌ఫోక్‌లోని రాన్‌వర్త్ తెర అలా మిగిలినవాటిలో మేటి. మామూలు ఊళ్లలో ముఖాలు మాత్రమే గీకేసి, బట్టల జరీ పూలను ముట్టుకోకుండా వదిలేసిన పలకలు తారసపడతాయి.

ఇదే కమాను పైగోడ మీద తుది తీర్పు దృశ్యం చిత్రించడం ఆచారం. సఫోక్‌లోని వెన్‌హాస్టన్‌లో దానిని చెక్క పలకల మీద వేశారు, తరువాత సున్నం కొట్టి కప్పేశారు. 1892లో మరమ్మతుల సందర్భంగా ఆ పలకలను పనికిరాని చెక్కగా భావించి చర్చి ఆవరణలో పడేశారు. రాత్రి కురిసిన వానకు సున్నం కరిగి, తెల్లవారేసరికి బొమ్మలు బయటపడ్డాయి. రంగులు వేయని ఖాళీలు చిత్రం మధ్యలో సిలువ ఆకారంలోనూ, రెండు మనిషి ఆకారాలలోనూ నేటికీ ఉన్నాయి. రూడ్ విగ్రహాలు ఆ పలకల ముందు ఎలా నిలిచాయో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. ఇక దక్షిణ ద్వారానికి ఎదురుగా, ఉత్తరపు గోడ మీద, భుజాన బాలక్రీస్తుతో నది దాటే పునీత క్రిస్టఫర్ బొమ్మ కోసం వెతకండి. ఆయనను చూసిన రోజున అకాలమరణం రాదన్న నమ్మకం వల్ల, బయటి నుంచి తొంగిచూసినా కనబడేంత పెద్దగా చిత్రించేవారు.

చాన్సెల్‌లో ముందుగా దక్షిణపు గోడకు తిరగండి. చిన్న గూడు, అందులో అడుగున రంధ్రం ఉన్న గిన్నె కనిపిస్తే అది పిసీనా; పూజపాత్ర కడిగిన నీరు ఆ రంధ్రం గుండా పవిత్రమైన నేలలోకే ఇంకాలన్నది నియమం. జంట గిన్నెలు ఉంటే అది దాదాపుగా మొదటి ఎడ్వర్డ్ కాలానిది, అంటే 1272–1307 మధ్యది. పిసీనా ఎక్కడ ఉంటే దాని పక్కన ఒక బలిపీఠం ఉండేదన్న సూత్రం చాలా ఉపయోగపడుతుంది, ఎందుకంటే పక్క వసారా తూర్పు చివరన అలాంటి గూడు ఒక్కటి మిగిలినా అక్కడ మాయమైన చిన్న బలిపీఠాన్ని పటంలో గుర్తించవచ్చు. పిసీనాకు పక్కనే మతగురువుల కోసం గోడలో తొలిచిన రాతి ఆసనాలను సెడీలియా అంటారు. అవి కూర్చోలేనంత కిందికో, మోకాళ్ల ఎత్తుకు మించి పైకో ఉంటే నేల మట్టం తరువాత మారిందన్నమాట. రాతి బలిపీఠాలను 1550లో తీసేసి చెక్క బల్లలు పెట్టమన్నారు. పీకిన పలకలను కొన్ని ఊళ్లలో నేలకు పరిచేశారు. నాలుగు మూలలా, నడుమన కలిపి ఐదు చిన్న సిలువలు చెక్కిన పెద్ద రాయి మీద మీరు నడుస్తున్నారేమో చూసుకోండి.

కూర్చునే బల్లల విషయం త్వరగా చెప్పవచ్చు. చాలా కాలం జనం నిలబడేవారు లేదా గోడ వెంట రాతి అరుగు మీద కూర్చునేవారు. చెక్క బెంచీలు విస్తృతంగా వచ్చింది 15వ శతాబ్దంలో. తూర్పు ప్రాంతంలో బెంచీ చివరి పలక మీద ఆకుల గుత్తిలాంటి శిఖరం లేస్తుంది, సోమర్‌సెట్, డెవన్‌లలో పలక చతురస్రంగా ఉండి ముఖమంతా చెక్కి ఉంటుంది. సోమర్‌సెట్‌లోని బ్రెంట్ నోల్‌లో మఠాధిపతి వేషం వేసిన నక్క కథ అలా మూడు పలకల మీద సాగుతుంది. తలుపులున్న పెట్టెల్లాంటి బెంచీలు, రాజచిహ్నపు ఫలకం, పది ఆజ్ఞల బోర్డు మత సంస్కరణ తరువాతివి. ప్రతి చర్చిలో ప్రసంగ వేదిక ఉండాలన్న నియమం కూడా 1603 నాటిది. మూలన ఉన్న ఓక్ పెట్టెను మాత్రం వదలకండి: 1538లో ఎనిమిదవ హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ జ్ఞానస్నానాల, వివాహాల, ఖననాల పుస్తకాలను రెండు తాళాల పెట్టెలో దాచమన్నాడు.

పైకి చూసే పని చివరికి ఉంచుకోండి. కేంబ్రిడ్జ్‌షైర్‌లోని మార్చ్ ఊరి చర్చి కప్పుకు రెక్కలు విప్పిన దేవదూతలు వంద దాటి ఉన్నారు. సఫోక్‌లోని బ్లైత్‌బరో దేవదూతల చెక్కలో దొరికిన తుపాకీ రవ్వలను 17వ శతాబ్దపు విగ్రహద్వేషులకు అంటగట్టడం పరిపాటి, కానీ అవి 18వ శతాబ్దంలో లోపల గూళ్లు పెట్టిన కాకిజాతి పక్షులను కొట్టడానికి పేల్చినవన్న వివరణే సరైనది. 1643–44లో సఫోక్, కేంబ్రిడ్జ్‌షైర్ చర్చిలను శుద్ధి చేసే పేరుతో బొమ్మలను పగలగొట్టిస్తూ తిరిగిన విలియం డౌసింగ్ తన పనికి స్వయంగా దినచర్య రాసుకున్నాడు కనుక, అతని పేరు చెప్పేముందు ఆ రాతలో ఊరి పేరు ఉందో లేదో చూడాలి. రంగు గాజు మిగిలితే కిటికీ పైభాగపు చిన్న గళ్లలోనే ఎక్కువగా మిగిలింది. గ్లోస్టర్‌షైర్‌లోని ఫెయిర్‌ఫర్డ్‌లో 28 కిటికీల గాజు మొత్తం నిలిచిందంటే అది అసాధారణం.

మిగిలింది విక్టోరియన్ పొర, అంటే 19వ శతాబ్దపు మరమ్మతుల పొర. గోడల గార మొత్తం గీకి రాళ్లను బయటపెట్టడం, నేలకు నిగనిగలాడే రంగు పలకలు, ఎర్రటి పైన్ చెక్క బెంచీలు, చేతిపని వంకర ఏమాత్రం లేని పదునైన శిల్పపు అంచులు దీని లక్షణాలు. రాళ్లు కనబడే గోడ పాతగా అనిపిస్తుంది కానీ మధ్యయుగంలో లోపలి గోడకు గార, రంగు తప్పనిసరిగా ఉండేవి. గీకడంతో ఎన్ని చిత్రాలు పోయాయో లెక్కలేదు. దీనికి ఎదురు తిరిగి కవి, రూపశిల్పి విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించాడు. ఆయన కెల్మ్‌స్కాట్ ఇంటికి దగ్గరలో, విల్ట్‌షైర్ అంచున ఉన్న ఇంగిల్‌షామ్ చర్చి ఆయన పట్టుదల వల్లనే గీకుడు తప్పించుకుంది; ఇప్పుడు దానిని చర్చెస్ కన్సర్వేషన్ ట్రస్టు చూస్తోంది. పైన చెప్పిన గుర్తులను ఒకేచోట సాధన చేయాలనుకునేవారు మొదట అక్కడికే వెళ్లడం మంచిది. పైన దేవుని హస్తం చెక్కిన సాక్సన్ కాలపు తల్లీబిడ్డల శిల్పం, 13వ శతాబ్దపు స్తంభాలు, తలుపుల బెంచీలు, ప్రసంగ వేదిక ఒకదాని నొకటి తోసుకుంటూ ఆ చిన్న గదిలో ఉన్నాయి. గోడల మీద సున్నపు పొరలు పెచ్చులు ఊడినచోట మధ్యయుగపు బొమ్మ మీద సంస్కరణ కాలపు బైబిలు వాక్యం, దాని మీద మరో కాలపు వాక్యం ఒకే జానెడు మేరలో చదువుకోవచ్చు.